పద్యం వినడానికి కలిసి వెళ్ళినవారు: రాయలసీమలో సంగీత నాటక ప్రేక్షకులు

2006 డిసెంబరు 30న న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరా సంస్థ తన వేదిక మీద జరుగుతున్న మొజార్ట్ ఒపేరా 'ది మ్యాజిక్ ఫ్లూట్'ను అదే సమయంలో దూరప్రాంతాల సినిమా హాళ్ళలో చూపించింది. అప్పటినుంచి ఇటువంటి ప్రత్యక్ష ప్రసారాలు సాగుతూనే ఉన్నాయి. వాటికి వచ్చేవారిలో ఒంటరిగా వచ్చేవారు ఉంటారు, నలుగురైదుగురు కూడబలుక్కొని వచ్చేవారూ ఉంటారు. ఈ రెండో రకం వారిని గమనించండి. ముందుగా ఫోన్లు చేసుకుంటారు, ఒకరి కోసం ఒకరు హాలు బయట ఎదురుచూస్తారు, విరామంలో కాఫీ తాగుతూ ఫలానా గాయని గొంతు నిరుటికంటే తగ్గిందని వాదించుకుంటారు. వారికి సంఘం పేరు లేదు. చందా లేదు, అధ్యక్షుడు లేడు, తీర్మానాల పుస్తకం లేదు. ఇరవై ఏళ్ళ తరవాత వారి గురించి చరిత్ర రాయాలంటే ఏ కాగితం ఆధారంగా రాస్తాం?

న్యూయార్కు సంగతి మనకెందుకు అని మీరు అడగవచ్చు. కర్నూలు, కడప జిల్లాలలో ఇలాంటి గుంపులు నూరేళ్ళకు పైగా ఉన్నాయి. వారు విన్నది ఒపేరా కాదు, మన సంగీత నాటకం, పద్య నాటకం. మొదట వేదిక ముందు కూర్చొని విన్నారు, తరవాత సినిమా గుడారంలో, ఆపైన రేడియో చుట్టూ కూర్చొని విన్నారు. సభలు, నాటక సమాజాలు, నటులు, కవుల గురించి మన పుస్తకాలలో అధ్యాయాలున్నాయి. బండి కట్టుకొని వచ్చి తెల్లవార్లూ విని వెళ్ళినవారికి మాత్రం ఒక పేరా కూడా దక్కలేదు. ఈ పాఠంలో మనం వారివైపు నుంచి చూద్దాం.

ఒపేరా, పద్య నాటకం

రెండింటికీ పోలిక ఉంది. రెండింటిలోనూ కథను మాటకంటే పాట ముందుకు నడుపుతుంది. రెండింటిలోనూ ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడని, రాయబారం విఫలమవుతుందని తెలిసే వస్తాడు. అతడు వచ్చేది ఏం జరుగుతుందో చూడటానికి కాదు, ఎలా పాడతారో వినడానికి.

తేడా కూడా పెద్దదే. పాఠంలో ముందుకు వెళ్ళాలంటే ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఒపేరాలో స్వరకర్త ప్రతి స్వరాన్నీ కాగితం మీద రాసి ఉంచుతాడు. గాయకులు, వాద్యబృందం దానిని అనుసరిస్తారు. పద్య నాటకంలో కవి రాసి ఇచ్చేది పద్యం మాత్రమే. ఆ సీసాన్ని, ఆ ఉత్పలమాలను ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఎక్కడ ఆగాలి, ఆలాపన ఎంతసేపు సాగాలి అన్నది నటుడి ఇష్టం. హార్మోనియం వాయించే ఆయన నటుడి వెనకే నడుస్తాడు. ఒకే పద్యాన్ని ఒకరు మోహనలో పాడితే మరొకరు కల్యాణిలో పాడవచ్చు. అదే నటుడు నిన్న పాడినట్టు ఇవాళ పాడకపోవచ్చు. అందుకే విన్న నాటకాన్నే మళ్ళీ వినడానికి వెళ్ళడం పిచ్చితనం కాదు. పోల్చి చూడాలంటే నిన్న విన్నవాడు ఇవాళ పక్కన ఉండాలి. గుంపు అవసరం అక్కడే పుట్టింది.

బళ్ళారి సభలు, సురభి గ్రామం

రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాలలో జరిగిన సమావేశాలలో స్థిరపడింది. అంతకు ముందు ఇవి దత్తమండలాలు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంవల్ల వచ్చిన పేరు అది. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలో ఉండి తరవాత కంపెనీ పాలనలోకి వచ్చింది. సినిమా వ్యాపారులు ఈనాటికీ ఈ ప్రాంతాన్ని 'సీడెడ్' అనే పిలుస్తారు. కంపెనీ పోయింది, నిజాం పోయాడు, ఆ మాట మాత్రం సినిమా వసూళ్ళ లెక్కల్లో బతికి ఉంది.

1876-78 మధ్య వచ్చిన మహా కరువు ఈ నేలను ఊడ్చిపెట్టింది. దాని తరవాత పదేళ్ళలోపే ఇక్కడ రెండు వేర్వేరు చోట్ల ఆధునిక తెలుగు రంగస్థలం పుట్టుకొచ్చింది. ఒకటి బళ్ళారి. అక్కడ న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సరస వినోదినీ సభను నడిపారు. ఆయన 'చిత్రనళీయం' 1887లో ప్రదర్శితమైంది. మరో న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) సుమనోరమ సభ తరఫున చారిత్రక నాటకాలు ఆడించారు. తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు బళ్ళారి రాఘవగా పేరు తెచ్చుకున్నది కూడా ఈ వాతావరణంలోనే. ఆదోని, ఆలూరు అప్పట్లో బళ్ళారి జిల్లాలోవే కనుక వారికి బళ్ళారి పరాయి ఊరు కాదు, జిల్లా కేంద్రం. కోర్టు పనిమీద వెళ్ళిన మనిషి రాత్రికి నాటకం చూసి మర్నాడు రైలెక్కడం సహజమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు, బళ్ళారి మైసూరు వైపు వెళ్ళాయి. తెలుగు నాటక చరిత్రలో ఒక ముఖ్యమైన ఊరు ఇవాళ వేరే రాష్ట్రంలో ఉండటానికి కారణం ఇదే.

రెండో చోటు కడప జిల్లా సురభి గ్రామం. ఇప్పటి చక్రాయపేట మండలంలో ఉంది. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 1885లో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు మొదలైనవారు బొమ్మలను పక్కనపెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. సురభి నాటక సమాజం ఇలా మొదలైంది. కుటుంబమే సమాజం. భార్య, మరదలు, కూతురు ఆడవేషాలు వేశారు. పట్టణాల ఔత్సాహిక సమాజాలలో మగవారే చీర కట్టుకొని ద్రౌపది వేషం వేస్తున్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. కుటుంబాలు పెరిగినకొద్దీ సమాజాలు చీలి, పదుల సంఖ్యలో బృందాలై ఊరూరా తిరిగాయి.

కీచకవధ విరాటపర్వంలోని కథ. విరాటపర్వం చదివితే, ఆడితే వాన పడుతుందని తెలుగు పల్లెలలో గట్టి నమ్మకం. కరువు సీమలో అది మరీ గట్టిది. వాన కోసం తోలుబొమ్మల వారిచేత విరాటపర్వం ఆడించే ఊళ్ళున్నాయి. సురభివారు ఆ రోజు ఈ కథనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పే ఆధారం మన చేతిలో లేదు కాబట్టి రెండింటికీ ముడిపెట్టడం తొందరపాటు. కాని ఆ పెళ్ళి పందిట్లో కూర్చున్నవారికి ఆ కథ కేవలం వినోదం కాదని మాత్రం చెప్పవచ్చు.

ఈ రెండు చోట్లకూ ఒక తేడా ఉంది. బళ్ళారి సభల వెనక న్యాయవాదులు, ఉద్యోగులు ఉన్నారు. వారికి రాయడం తెలుసు, అచ్చువేయడం తెలుసు. కాబట్టి వారి సంగతులు కాగితం మీద మిగిలాయి. సురభివారి సంగతులు ఎక్కువగా కుటుంబాల నోటిమాటలోనే నిలిచాయి. ఇక చూడవచ్చినవారి సంగతులు రెండుచోట్లా మిగలలేదు.

'వన్స్ మోర్'

సీమలో నాటకాల కాలం పంటను బట్టి నడుస్తుంది. బుడ్డలు పీకి, జొన్న కోసి, చేతిలో నాలుగు రూకలు ఆడేటప్పుడు, సంక్రాంతి దాటి ఉగాది లోపల, తిరుణాలలు మొదలవుతాయి. పంట పోయిన ఏడు నాటకం లేదు. ఇలా నాటక సమాజం బతుకు కూడా వానతోనే ముడిపడి ఉండేది.

పెట్రోమాక్సు దీపాల వెలుగులో రాత్రి భోజనాల తరవాత మొదలైన నాటకం కోడికూత దాకా సాగేది. ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకోవడం మామూలే. పాండవోద్యోగ విజయాలు ఆడితే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉంటారు. బయటివారికి ఇది వింతగా తోస్తుంది. ప్రేక్షకుడికి ఇదే అసలు రుచి. ఇద్దరి గొంతులూ ఒకే రాత్రి పక్కపక్కన దొరుకుతాయి. ఒక గుంపు ఒకటో కృష్ణుడి వైపు, మరో గుంపు రెండో కృష్ణుడి వైపు.

పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని కేక పడేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివారు కూడా ఈ మాటను తమదిగా చేసుకున్నారు. నటుడు ఆగి, మళ్ళీ ఎత్తుకొని, మొదటిసారి పాడని సంగతి ఒకటి చేర్చి పాడేవాడు. చచ్చిపడిపోయిన పాత్రధారి వన్స్ మోర్ అనగానే లేచి పద్యం పాడి మళ్ళీ పడిపోయాడని నాటకాల వాళ్ళు చెప్పుకొనే ముచ్చట మీరూ వినే ఉంటారు. అది నిజంగా ఏ ఊళ్ళో జరిగిందో ఎవరూ చెప్పరు. కాని ఆ ముచ్చట ఇన్నేళ్ళు నిలిచిందంటే, కథ కంటే పద్యం పెద్దదని అందరూ ఒప్పుకున్నట్టే లెక్క.

అందరూ అంటే పూర్తిగా నిజం కాదు. బళ్ళారి రాఘవ ఒప్పుకోలేదు. నటుడు పాత్రను విడిచి రాగాలు తీయడం ఆయనకు గిట్టదు. సహజంగా మాట్లాడాలి, సహజంగా కదలాలి, ఆడపాత్రలు ఆడవారే వేయాలి అని ఆయన పట్టుబట్టారు. నటనకళ దృష్టితో చూస్తే రాఘవ చెప్పింది సరైనదే. అయినా ప్రేక్షకుల చరిత్ర రాసేవారు ఇంకొకటి కూడా గమనించాలి. వన్స్ మోర్ అనేది మర్యాద తప్పిన అల్లరి మాత్రమే కాదు. నేల మీద కూర్చున్న మనిషి వేదిక మీది మనిషికి ఇచ్చే జవాబు అది. అతడి చేతిలో ఉన్న అధికారం అదొక్కటే. నాటకం ఎంతసేపు జరగాలో, ఏ పద్యం మిగలాలో అతడు కూడా నిర్ణయించేవాడు. ఒపేరాలో కూడా ఈ తగువు ఉంది. మెట్రోపాలిటన్ వేదిక మీద ఒకసారి పాడింది మళ్ళీ పాడకూడదనే ఆనవాయితీ చాలాకాలం నడిచింది. 2008 ఏప్రిల్‌లో హువాన్ దియేగో ఫ్లోరెస్ అనే గాయకుడు ప్రేక్షకుల కోరికమీద ఒక పాటను తిరిగి పాడితే అది వార్త అయింది. మన తిరుణాలలో అయితే తిరిగి పాడకపోవడమే వార్త.

ఆరు వారాల తేడాతో రెండు సంఘటనలు

పాటను దూరానికి పంపాలన్న ప్రయత్నం పాతదే. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ టెలిఫోను తీగలద్వారా ఒపేరా పాటలను వినిపించాడు. రెండు చెవులకు రెండు గొట్టాలు పెట్టుకొని జనం వరసలో నిలబడి విన్నారు. అర్ధశతాబ్దం తరవాత, 1931 డిసెంబరు 25న, మెట్రోపాలిటన్ సంస్థ 'హాన్సెల్ అండ్ గ్రెటెల్' అనే ఒపేరాను మొదటిసారి పూర్తిగా రేడియోలో వినిపించింది.

సుమారు ఆరు వారాలకు, 1932 ఫిబ్రవరి 6న, బొంబాయిలో 'భక్త ప్రహ్లాద' విడుదలైంది. పూర్తి తెలుగు మాటలతో వచ్చిన మొదటి టాకీ అది. అర్దేషిర్ ఇరానీ సంస్థ తీసింది, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. నటులు సురభి వేదిక మీదినుంచి వచ్చారు. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. అంటే బళ్ళారి సభ రాసిన నాటకం, సురభి గ్రామం పేరు మోసిన నటి, రెండూ కలిసి తెర మీదికి ఎక్కాయి. తెలుగు సినిమా మొదటి అడుగును మనం సినిమా చరిత్రగా చదువుతాం. ఆనాటి ప్రేక్షకుడికి అది తెలిసిన నాటకమే. హాలు కొత్తది, అంతే.

విడుదల తేదీ గురించి ఒక మాట. చాలాకాలం ఈ సినిమా 1931 సెప్టెంబరు 15న వచ్చిందని పుస్తకాలు రాశాయి, ఉత్సవాలు కూడా జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికలు తిరగేసి అసలు తేదీని నిర్ధారించారు. ఒక తేదీని సరిచేయడానికి సర్టిఫికెట్టు దొరికింది, పత్రిక దొరికింది. ఆ సినిమాను మన సీమలో ఎవరు ఎవరితో కలిసి చూశారో తేల్చడానికి అలాంటి కాగితం ఏదీ లేదు.

తెరవల్ల ఏం మారింది? మొదటి మార్పు వన్స్ మోర్‌కు జవాబు పోయింది. ప్రేక్షకుడు అరవగలడు, ఈల వేయగలడు. తెర మీది హిరణ్యకశిపుడు వినడు. రెండో మార్పు ఇంకా లోతైనది. పద్యం ఒకే విధంగా స్థిరపడింది. గ్రామఫోన్ పలకలు ఈ పనిని అప్పటికే మొదలుపెట్టాయి. నటుడు ఎక్కడో ఒక గదిలో ఒకసారి పాడింది వందల ఇళ్ళలో అలాగే మోగింది. తరవాతి దశాబ్దాలలో ఘంటసాల, మాధవపెద్ది సత్యం గొంతులలో సినిమా పద్యాలు వచ్చాక పల్లె ప్రేక్షకుడి చెవిలో ఒక కొలత ఏర్పడింది. ఊళ్ళోకి వచ్చిన నటుడు వేరే రాగంలో ఎత్తుకుంటే 'సినిమాలో అట్లా లేదే' అనడం మొదలైంది. ఇంతకు ముందు పోలిక ఇద్దరు నటుల మధ్య. ఇప్పుడు నటుడికీ యంత్రానికీ మధ్య.

రాఘవకు ఈ మార్పు కలిసివచ్చి ఉండాలి అనిపిస్తుంది. రాగాలు తీసే అవకాశం తక్కువ, ముఖం దగ్గరగా కనిపిస్తుంది. కాని ఆయన నటించిన సినిమాలు కొద్ది. 1936లో ఒకే కథతో రెండు సినిమాలు పోటీగా వచ్చాయి. రాఘవ దుర్యోధనుడుగా నటించిన 'ద్రౌపదీ మానసంరక్షణం' కంటే యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడుగా వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' బాగా ఆడింది. గెలుపోటములకు అనేక కారణాలుంటాయి కనుక పద్యం గెలిచిందని, సహజ నటన ఓడిందని తీర్పు చెప్పలేం. 1939లో వచ్చిన 'రైతుబిడ్డ'లో రాఘవ పేదరైతు పాత్ర వేశారు. కరువు సీమ మనిషి కరువుతో బతికే మనిషిగా కనిపించిన ఆ సినిమా గురించి మీరు మరో పాఠంలో చదువుతారు.

గుడారంలో నేల, బెంచీ, కుర్చీ

పట్టణాలలో పక్కా హాళ్ళు వచ్చినా పల్లెలకు సినిమా డేరాలోనే వచ్చింది. టూరింగ్ టాకీసు అంటే ఒక గుడారం, ఒక ఇంజను, ఒక ప్రొజెక్టరు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా విరామం. ఇసుక పోసిన నేల, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. చాలా చోట్ల ఆడవారికి వేరే భాగం ఉండేది.

శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి తమిళ సినిమా గురించి రాస్తూ ఒక పరిశీలన చేశారు. తమిళులందరూ ఒకే కప్పుకింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని, అక్కడ కూర్చునే చోటును కులం కాక కొనుగోలు శక్తి నిర్ణయించిందని ఆయన వాదం. మన ప్రాంతానికి ఇది ఎంతవరకు వర్తిస్తుంది? గుడి ముందు జరిగే నాటకంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరికి ముందే తెలుసు. గుడారంలో టిక్కెట్టు ఉంటే లోపలికి రావచ్చు. అంతవరకు తేడా నిజమే. కాని టిక్కెట్టు కొనగలిగినా కుర్చీలో కూర్చునే ధైర్యం అందరికీ ఒకే రోజున రాలేదు. కలిసి వెళ్ళే గుంపు కూడా చాలాసార్లు ఒకే వీధి గుంపే, ఒకే కులం గుంపే. శివతంబి మాటను తోసిపుచ్చనక్కర్లేదు. దానిని పూర్తయిన మార్పుగా తీసుకోకుండా, మొదలైన మార్పుగా తీసుకుంటే మన ప్రాంతానికి సరిపోతుంది.

శివరాత్రిని చూడండి. జాగారానికి ఒకప్పుడు నాటకం. రాత్రంతా మెలకువగా ఉండాలి, నాటకం కూడా రాత్రంతా సాగుతుంది. సినిమా హాళ్ళు వచ్చాక అదే రాత్రి అర్ధరాత్రి ఆటలు, రెండేసి సినిమాలు వేయడం మొదలుపెట్టాయి. వ్రతం అదే, గుంపు అదే, దుప్పటి అదే. ఇప్పుడు చూసేది తెర.

తెరకూ వేదికకూ మధ్య రాకపోకలు ఒకవైపే జరిగాయనుకోకండి. పులివెందుల ప్రాంతం నుంచి మద్రాసు వెళ్ళిన బి. నాగిరెడ్డి, తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి. రెడ్డి విజయా సంస్థలో కలిసి 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. మాయాబజార్ కథ సురభి వేదికమీద అందరికీ తెలిసినది. పాతాళభైరవి విషయంలో దారి తిరగబడింది. సినిమాను చూసినవారి కోసం సురభివారు దానిని నాటకంగా ఆడారు. తెర మీద మాయ చూసి వచ్చిన ప్రేక్షకుడు అదే మాయను వేదిక మీద, తీగలతో, తెరలతో, కళ్ళముందు చేసి చూపమన్నాడు. వారు చేసి చూపారు.

కీచకవధ ప్రయాణం కూడా ఇలాంటిదే. 1885లో సురభి పెళ్ళి పందిరి. 1910ల చివరిలో మద్రాసులో నటరాజ మొదలియార్ తీసిన మూకీ 'కీచకవధం', దక్షిణ భారతంలో మొదటి కథాచిత్రంగా చెప్పేది. 1963లో 'నర్తనశాల', ఎస్.వి. రంగారావు కీచకుడు. మూకీలో పద్యం లేదు. దానిని చూస్తూ మనసులో పద్యం పాడుకున్నవారు ఎందరో ఉండి ఉంటారని నా ఊహ. ఊహను ఊహగానే తీసుకోండి.

రేడియో చుట్టూ

నర్తనశాల వచ్చిన 1963లోనే కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతవరకు సీమ శ్రోతలకు మద్రాసు (1938), విజయవాడ (1948) కేంద్రాలే దిక్కు. రేడియో నాటకంలో తెర కూడా లేదు, వేషం లేదు, గద లేదు. గొంతు ఒక్కటే ఉంది. విచిత్రమేమిటంటే పద్యం వినడానికి వచ్చే పాత ప్రేక్షకుడికి ఇదే ఎక్కువ నచ్చింది. కళ్ళు మూసుకొని వినేవారికి వేషం పోయినా నష్టం లేదు.

రేడియో ఇంటింటికీ లేదు. పంచాయతీ కార్యాలయంలో ఒకటి, పెద్ద రైతు ఇంట్లో ఒకటి, టీకొట్టులో ఒకటి. అరుగు మీద పదిమంది చేరేవారు. ప్రభుత్వం కూడా ఇలా కలిసి వినే అలవాటును వాడుకోవాలని చూసింది. 1956లో పూనా పరిసర గ్రామాలలో యునెస్కో సాయంతో రేడియో గ్రామీణ గోష్ఠుల ప్రయోగం జరిగింది. ఇరవైమంది దాకా కూర్చొని వ్యవసాయ కార్యక్రమం విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రానికి పంపేవారు. వారికి సమావేశకర్త ఉన్నాడు, నివేదిక ఉంది. కాబట్టి వారి చరిత్ర మనకు దొరుకుతుంది. అదే కాలంలో అరుగు మీద కూర్చొని రాయబారం పద్యం విన్నవారికి నివేదిక లేదు. ఎరువుల గురించి విన్నవారు చరిత్రలోకి ఎక్కారు, పద్యం విన్నవారు ఎక్కలేదు. దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు గాని, మన ఆధార పత్రాలు ఎటు ఒరిగి ఉంటాయో దీనివల్ల తెలుస్తుంది.

ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో చేలోకి వెళ్ళింది. టీవీ వచ్చాక గదిలోకి వెళ్ళింది. ఫోను వచ్చాక చెవిలోకి వెళ్ళింది. సురభి కుటుంబాలలో చాలామంది ఇప్పుడు హైదరాబాదు దగ్గర లింగంపల్లి సురభి కాలనీలో ఉంటున్నారు. ఆ సంప్రదాయానికి చెందిన రేకందార్ నాగేశ్వరరావుకు, అంటే సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. కడప జిల్లాలో ఆ ఊరు ఉంది, పేరు మాత్రం నాటకంతో వెళ్ళిపోయింది.

గుంపు ఆనవాళ్ళు ఎక్కడ వెతకాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పేరులేని గుంపు చరిత్రకు ఆధారాలు ఏమిటి? రిజిస్టరైన సభకు నియమావళి ఉంటుంది. సినిమా హాలుకు వినోదపు పన్ను లెక్కలుంటాయి. 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టం కింద హాళ్ళు టిక్కెట్టుకు పన్ను కట్టేవి. రేడియోకు లైసెన్సు పుస్తకం ఉండేది, తపాలా కార్యాలయంలో ఏటా రుసుము కట్టాలి. ఈ మూడూ మంచి ఆధారాలే. కాని వాటి పరిధిని గుర్తించండి. పన్ను లెక్క ఎన్ని టిక్కెట్లు తెగాయో చెబుతుంది, ఎవరు ఎవరితో వచ్చారో చెప్పదు. లైసెన్సు ఒక పెట్టెకు ఇచ్చింది. ఆ పెట్టె చుట్టూ ఉన్న పదిమందికి ఇచ్చింది కాదు. నియమావళిలో సభ్యుల పేర్లుంటాయి, ప్రేక్షకుల పేర్లుండవు.

అందుకని ఈ చరిత్రలో ఎక్కువ భాగం నోటిమాట మీదనే ఆధారపడాలి, అది తొందరగా చేయాలి. గుడారంలో సినిమా చూసినవారికి, పంచాయతీ రేడియో విన్నవారికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ సొంత ఊరినుంచే చదువుతున్నారు. ఈ పనికి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న విద్యార్థి కంటే మీకే వీలెక్కువ.

ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఊళ్ళో ఒక పెద్దాయనతోనో పెద్దమ్మతోనో కూర్చోండి. ఏ నాటకం చూశారు అని మొదలుపెట్టకండి, దానికి పేరొక్కటే జవాబుగా వస్తుంది. ఎవరితో వెళ్ళారు, ఎంత దూరం, నడిచా బండిలోనా, తినడానికి ఏం కట్టుకున్నారు, ఎక్కడ కూర్చున్నారు, అక్కడే ఎందుకు కూర్చున్నారు, దారిలో ఏ పద్యం పాడుకుంటూ వచ్చారు అని అడగండి. ఆడవారిని వేరుగా అడగండి. ఇంట్లో ఎవరి అనుమతి తీసుకోవలసి వచ్చింది, చంటిబిడ్డను ఏం చేశారు అన్నవి మగవారు చెప్పలేరు. పద్యం గుర్తుంటే పాడమనండి. పాడితే ఫోనులో రికార్డు చేసుకోవచ్చా అని ముందే అడిగి ఒప్పించుకోండి. పాడినవారి ఊరు, వయసు, విన్న సంవత్సరం రాసుకోండి. సంవత్సరం గుర్తులేకపోతే ఆ ఏడు పంట ఎలా ఉందో అడగండి, దానినుంచి వెనక్కి లెక్కకట్టవచ్చు.

ఒక ఇబ్బంది తప్పక ఎదురవుతుంది. వారు తిరుణాలలో విన్న పద్యాన్నీ, సినిమాలో విన్న పద్యాన్నీ కలిపేసి చెబుతారు. ఊరికి వచ్చిన నటుడి పేరు చెప్పి ఘంటసాల బాణీలో పాడతారు. అప్పుడు సరిదిద్దవద్దు. చెప్పిన పేరును ఒక వరుసలో, పాడిన బాణీని దాని పక్క వరుసలో ఉన్నదున్నట్టు రాసుకొని, తరవాతి ప్రశ్న అడగండి.